పొయ్యి లోపల పెట్టుకున్న సాయంత్రం

నా చిన్నప్పుడు, 1971 డిసెంబరు 4, శనివారం, సాయంత్రం ఐదున్నరకి మా బర్మామైన్స్ పేట సందులో మొదటిసారి దీపాలన్నీ ఆర్పించారు. ముందురోజే యుద్ధం మొదలైంది. ఉక్కు కార్ఖానా ఉన్న ఊరు కాబట్టి విమానాలు ఇక్కడికే వస్తాయని అందరి భయం. నాకు పదేళ్లు. అమ్మ పోయి ఏడాది దాటింది. నాన్నకి బి షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. తాను వచ్చేవరకు ఎవరు పిలిచినా తలుపు తీయొద్దని చెప్పి వెళ్లేవాడు. నన్ను పిలిచేవాళ్లు కూడా పెద్దగా లేరు.

మా సందులో బొగ్గుల పొయ్యి వీధిలో రాజేసి, పొగ తగ్గాక లోపలికి తెచ్చుకోవడం అలవాటు. వంటయ్యేదాకా తలుపు బార్లా తీసే ఉంచేవాళ్లం. ఆ రోజు నిప్పు వెలుగు కూడా బయటికి కనపడకూడదన్నారు. నాన్న డ్యూటీకి వెళ్లేముందే కిటికీకి నల్లకాగితం అంటించి, దాని మీద అమ్మ ముదురు నీలం చీర మేకులతో కొట్టాడు. నేను పొయ్యి లోపల పెట్టి, గడియ వేసి, తలుపు కింద గోనె కూడా కుక్కాను. ఇక విమానానికి నేను కనపడననుకున్నాను.

ఎసట్లో బియ్యం పోశాక తల దిమ్మెక్కింది. భయం వల్లేమో అనుకుని కూర్చున్నాను. లేవబోతే కాళ్లు స్వాధీనంలో లేవు. అన్నం మాడుతున్న వాసన తెలుస్తోంది, చెయ్యి మాత్రం కదలడం లేదు.

"ఓలమ్మీ, అన్నం మాడతంది! ఏటి సేత్తన్నావు లోపల?" అంటూ పక్కింటి అత్త తలుపు కొట్టింది. నాన్న మాట గుర్తొచ్చి పలకలేదు. తరవాత పలకాలన్నా నాలుక తిరగలేదు. ఆమె రోకలితో కిటికీ అద్దం పగలగొట్టి, చువ్వల్లోంచి చెయ్యి పెట్టి కాగితం, చీర చింపేసింది. నిప్పు వెలుగు సందులో పడింది. కాపలా తిరిగే వాలంటీరు "బత్తీ బుజావో!" అని, దీపం ఆర్పమని అరుస్తూ వచ్చాడు.

"బత్తీ నహీ, బచ్చీ హై అందర్! దర్వాజా తోడో!" అని, దీపం కాదు లోపల పిల్ల ఉంది, తలుపు పగలగొట్టమని అత్త అంతకన్నా గట్టిగా అరిచింది. ఇద్దరూ భుజాలు ఆనించి గడియ ఊడగొట్టి, నన్ను చలిలోకి లాగారు.

నాన్న వచ్చాక నన్ను తిట్టబోతే అత్త అడ్డుపడింది. "మూసిన గదిలో బొగ్గుల పొయ్యి పేనం తీస్తాదని గుంటకి తెలీదు సరే, నీకూ తెలీదేటి అన్నయ్యా?"

మర్నాడు ఆమె జాలి మాటలేవీ మాట్లాడలేదు. గుమ్మంలోంచే, "నాకు కళ్లు ఆనవే. పప్పులో రాళ్లు ఏరి పెడుదువు గాని రా," అని గదమాయించింది. యుద్ధం అయ్యేదాకా రోజూ వెళ్లాను. వెలుగుండగానే ఒకే పొయ్యి మీద రెండిళ్ల వంట అయిపోయేది. సైరను మోగితే చీకట్లో ఆమె పక్కనే కూర్చునేదాన్ని. ఒకరోజు మసక వెలుతురులో ఆమె ఒక్క పోటుకే సూదిలో దారం ఎక్కించడం చూశాను. అయినా రాళ్లు ఏరడం మానలేదు.

ఇప్పుడు అదే ఊళ్లో, కద్మా పేటలో, మా కింది వాటాలో ఒక అమ్మాయి ఒక్కతే ఉంటోంది. ఏమైనా కావాలా అని నేనెప్పుడూ అడగను. పైకి పిలిచి చింతపండులో గింజలు తీసిపెట్టమంటాను.

ఆ యుద్ధంలో మా ఇంట్లో పోయినవి: కిటికీ అద్దం, తలుపు గడియ, ఒక పూట బియ్యం, అమ్మ చీర. అమ్మవి మిగిలిన చీరల్లో అదే ఆఖరిది.