మార్లిస్ పెట్టిన చుక్కలు

మా మిన్నెసోటా ఊళ్ళో చర్చి వెబ్‌సైటు మార్లిస్‌ది. పాస్టరుది అనుకునేది ఒక్క పాస్టరే. బడిలో వంటమనిషిగా రిటైరయ్యాక మార్లిస్, లైబ్రరీలో కూర్చుని వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకుంది. నాకు రాదు అన్న మాట ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు.

నెలకోసారి చర్చి కింది గదిలో విందు, ఇంటికో వంటకం. అందరూ ఒకటే వండుకు రాకుండా, ఎవరేం తెస్తున్నారో మార్లిస్ పేజీలో పెడుతుంది.

ఆ చలికాలం, చూపు పోయిన ఆర్విల్ స్కోగెన్ బంగాళాదుంపల హాట్‌డిష్, అంటే ఓవెన్‌లో కాల్చే మా ఊరి వంటకం, తెచ్చాడు. బల్ల మీద అప్పటికే అలాంటివి మూడున్నాయి. అతని గిన్నె ఎవరూ ముట్టలేదు.

"ఇక నేను రానులే," అన్నాడు కోటు తొడుక్కుంటూ. భార్య పోయాక అతను నలుగురితో కూర్చుని తినేది అక్కడొక్కచోటే. నాకు మనసు చివుక్కుమంది. మార్లిస్‌కి కోపం వచ్చింది.

మర్నాడు అతనింటికి బయల్దేరింది. అతన్ని కొడుతుందేమోనని నేనూ వెంట వెళ్ళాను.

"పేజీలో పెట్టాను కదయ్యా. వినలేదా?"

"నువ్వే విను," అని కంప్యూటర్ చేత చదివించాడు ఆర్విల్.

మార్లిస్ ఒక్కో పేరు ముందూ డ్యాష్ గీత కొట్టి, కింద మరోటి రాసుకుంటూ పోయేది. కంటికది జాబితాయే. చదివే యంత్రానికి మాత్రం ఒకటే పేరా. డ్యాష్, వెర్నా, డ్యాష్, డేల్ అంటూ ఊపిరాడకుండా వాగింది.

"ఎప్పుడూ సగంలోనే కట్టేస్తాను," అన్నాడు.

మార్లిస్ కోటైనా విప్పకుండా అక్కడే కూర్చుంది. మొత్తాన్ని ఇది జాబితా అని యంత్రానికి చెప్పే ట్యాగులో పెట్టి, ఒక్కో వంటకాన్నీ దాని ట్యాగులో విడిగా కూర్చోబెట్టింది. తెర మీద గీతలు పోయి చుక్కలొచ్చాయి. ఈసారి యంత్రం ముందుగా ఎన్ని ఉన్నాయో చెప్పి, ఒక్కొక్కటీ ఆగి ఆగి చదివింది. అక్కర్లేనివి దాటేసే వీలూ వచ్చింది.

ఆవిడ అక్క వెర్నాకి ఇదీ నచ్చలేదు. "చుక్కలేమిటే, అంకెలు పెట్టు."

"పెడతాను. నాకు తొమ్మిదో నంబరేమిటని మొదట దెబ్బలాడేది నువ్వే."

తరవాతి విందుకి ఆర్విల్ ఊరబెట్టిన చేపలు తెచ్చాడు. ఇంకెవరూ తేలేదు.

"జాబితా మొత్తం వింటున్నావటగా?" అంది మార్లిస్ కాఫీ పోస్తూ. "దాటేయొచ్చని చెప్పాను కదా."

"నువ్వు నీ పేరెప్పుడూ చివరే పెట్టుకుంటావు," అన్నాడు ఆర్విల్. "అందాకా వింటాను."

మాటకు మాట అప్పజెప్పే మనిషి, నిండా ఉన్న అతని కప్పులోనే మళ్ళీ కాఫీ పోసింది.