తూనికరాళ్ల ఇంగ్లీషు

పోయినవేమిటో ముందే చెప్పేస్తాను. బెల్లం మండీలో పెద్ద గుమాస్తా కుర్చీ. తిరుపతిలో పాతపుస్తకాల అంగట్లో చెరిసగం వేసుకుని కొన్న ఇంగ్లీషు డిక్షనరీలో నా సగం. ఆరు మాటలు. ఒక స్నేహితుడు. వీటిలో పెద్ద నష్టం ఏదని అడిగితే రోజుకొక జవాబు వస్తుంది. అందుకే ఇంతవరకూ మొత్తం కూడలేదు.

డెబ్బైల చివర్లో చిత్తూరులోని ఆ మండీలో నేనూ ఆ స్నేహితుడూ చిన్న గుమాస్తాలం. నేను కాటా పక్కన తూకాలు రాసేవాణ్ణి, అతను పక్క బల్ల మీద బిల్లులు రాసేవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. డిక్షనరీ ఒక రాత్రి నా దగ్గర, మరో రాత్రి అతని దగ్గర. ఎవరి దగ్గరుంటే వాళ్లు మర్నాడు ఒక మాట తేవాలి.

మండీలో బేరం తువ్వాలు కింద జరిగేది. మండీ యజమాని షావుకారూ, కొనేవాడూ వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవారు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి వాళ్ల ముఖాలు చూసేవాడు. వాళ్లకు వేళ్ల భాష ఉన్నప్పుడు మనకూ ఒకటి ఉండాలని మేమనుకున్నాం. షావుకారు గర్వానికి, పెత్తనానికి సరిపోయే ఇంగ్లీషు మాటలు ఆరు ఏరి, ఒక్కోదానికి ఒక్కో తూనికరాయి కేటాయించాం. బయటికి రాయి పేరు మాత్రమే చెప్పుకునేవాళ్లం.

బాసీ అంటే పావుకిలో. అవసరం లేకపోయినా పని పురమాయించేవాడు. హాటీ అరకిలో. తల ఎగరేస్తాడు, ఎదుటివాణ్ణి లెక్కచేయడు, అంతకుమించి చెరుపు చేయడు. ఆరగెంట్ కిలో. తనకు తెలియనిది లేదనుకునేవాడు. ఓవర్‌బేరింగ్ రెండు కిలోలు. వాడుంటే మిగతావాళ్లకు నోరు పెగలదు. హైహ్యాండెడ్ ఐదు కిలోలు. ఇది మనిషి తీరుకు వాడే మాట కాదు, చేసిన పనికి వాడాలి. రైతును అడగకుండా "తరుగు కింద నాలుగు కిలోలు కొట్టెయ్" అనడం అదే. డామినీరింగ్ పది కిలోలు. ఒక్కరోజు కోపానికి ఈ మాట చెల్లదు. ఏడాది పొడుగునా మనిషిని కిందే ఉంచేవాడికి వాడాలి. షావుకారు ఏదో అనగానే నేను తలెత్తకుండా "అర" అనేవాణ్ణి. "ఇంగా పెరగతాదిలే మామా, సూడు" అనేవాడు అతను.

పెద్ద గుమాస్తా చూపు తగ్గి మానేయబోతున్నాడు. ఆ కుర్చీ నాకేనని షావుకారు నోటితో రెండుసార్లు విన్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పన్నుల ఆఫీసరు మండీకి వచ్చాడు. షావుకారు చేతులు కట్టుకుని నడుం వంచి నిలబడ్డాడు. ఆఫీసరు జీపు కదలగానే హమాలీ మీదికి చెప్పు విసిరాడు. మా ఆరింటిలో దీనికి మాట లేదు. అతన్ని అడిగాను.

"పైవాడికి వంగి, కిందోణ్ణి తొక్కేవాడికి ఇంగ్లీషులో ఒకే మాట ఉండాదా?"

"ఉండాది మామా. యాడో సూసినా. రేపు చెప్తా."

ఆ రాత్రి డిక్షనరీ అతని వంతు.

మర్నాడు నేను వెళ్లేసరికి షావుకారు కాటా దగ్గరే ఉన్నాడు. ఐదు కిలోల రాయి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఏమప్పా, ఇది నేనేనంట గదా? ఈ పొద్దు నా తూకమెంతో చెప్పు."

హమాలీలు ఆగిపోయారు. పుత్తూరు నుంచి బండి తోలుకొచ్చిన రైతు నోరు తెరిచి చూస్తున్నాడు. ఆరు మాటలూ, అర్థాలూ నా చేత వరసగా చెప్పించాడు. వింటూ మధ్యలో నవ్వాడు.

"పది కిలోల్ది పెట్టుకోని నన్ను ఐదుతో సరిపెట్టినావే! అంత తక్కువోణ్ణా?"

హమాలీలూ నవ్వారు. నేను పక్క బల్ల వైపు చూశాను. అతను బిల్లు రాస్తూనే ఉన్నాడు. ఆ బిల్లు మీద అంకె ఒక్కటీ లేదు, గీతలు గీస్తున్నాడు.

"ఆయప్పను సూడొద్దు. మంచోడు కాబట్టి నా సెవిలో ఏసినాడు. నన్ను తూకమేసేవాడు పెద్ద కుర్చీలో కూసుంటే నాకు నిద్ర పడతాదా? ఆ కుర్చీ ఆయప్పకే."

నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. అదే కష్టమైంది. కొత్త పెద్ద గుమాస్తా నెల తిరక్కుండా నన్ను మామా అనడం మానేశాడు. "ఏమయ్యా, ఈ తూకం మళ్లీ రాయి" అనేవాడు. తప్పు ఎక్కడుందో చెప్పేవాడు కాదు. సాయంత్రం షావుకారు చెప్పులు మెట్టు మీద తనే సర్దిపెట్టేవాడు. ఏడాది గడిచాక ఒకరోజు అతను అలా అనగానే అలవాటు కొద్దీ "పది" అంటూ పక్క బల్ల వైపు తిరిగాను. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. ఆ భాష తెలిసిన రెండోమనిషి ఆ పదికిలోలవాడే.

పుత్తూరు రైసుమిల్లులో పని దొరికి మానేసిన రోజు అతని ముందు నిలబడ్డాను.

"నాకొక మాట ఇయ్యాల్సి ఉండాది నువ్వు."

"ఏం మాటయ్యా?" అన్నాడు తలెత్తకుండా.

పాత డిక్షనరీ అతని దగ్గరే ఉండిపోయింది. తర్వాత సొంతంగా ఒకటి కొనుక్కున్నాను. చాలా మాటలు వెతికాను. అదొక్కటి వెతకలేదు. అది అతని వంతు. ఆ లెక్కలో నాకు ఇప్పటికీ రావలసింది ఒకటి.