మగ్గం దిగమని నేను చెప్పను

2023, తమిళనాడులోని తిరువళ్లూరు. మా ఆసుపత్రి కీమో డే కేర్ గదిలో ఆ ఉదయం ఉన్నవి, ఉన్నవాళ్లు: వాలుకుర్చీలు ఆరు, సెలైన్ స్టాండ్లు ఆరు, పేషెంట్లు ఐదుగురు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు ఏడుగురు, స్టాఫ్ నర్సులు ఇద్దరు, నేను. ఆరో కుర్చీ సులోచనక్కది. ఆమె రాలేదు.

నా ఉద్యోగం పేరు బ్రెస్ట్ కేర్ నర్స్. బి.ఎస్సి. నర్సింగ్ అయ్యాక క్యాన్సర్ నర్సింగ్‌లో విడిగా శిక్షణ తీసుకున్నాను. బయాప్సీ ఫలితం చెప్పే రోజు డాక్టర్ పక్కన కూర్చోవడం, డాక్టర్ వెళ్లిపోయాక ఆ మాటనే మళ్లీ మెల్లగా చెప్పడం, ఆపరేషన్ తర్వాత డ్రెయిన్ గొట్టం చూసుకోవడం నేర్పడం, చేతి వ్యాయామాలు చేయించడం, రానివాళ్లు ఎందుకు రాలేదో కనుక్కోవడం నా పనులు. కట్టు విప్పేటప్పుడు ఆడ నర్సు ఒకరు తప్పకుండా పక్కన ఉంటారు. అయినా ఈ పనికి మగవాడేమిటని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే: ఈ ప్రశ్న సర్జన్‌ను ఎప్పుడైనా అడిగారా?

సులోచనక్క కూడా అడిగింది, కాకపోతే ఆమె పద్ధతిలో. మొదటిసారి నేను గదిలోకి వెళ్లగానే నా వెనక చూసింది.

"నర్సు వస్తుందనినారే. యాడ?"

"నేనే అక్కా."

"గడ్డముండే నర్సమ్మను ఇప్పుడే చూస్తాండా." తర్వాత నా మాట తీరు పట్టుకుంది. "తెలుగోడివా తంబీ? ఏ ఊరు?"

"తిరుత్తణి పక్కన."

"అయితే సరే. తిడితే నీకన్నా అర్థమవుతుంది."

ఆమెది పొదటూరుపేట, చేనేత ఇల్లు. వయసు నలభై ఆరు. ఎడమ రొమ్ములో గడ్డ. ఆపరేషన్‌లో రొమ్ముతోపాటు చంకలోని లింఫ్ నోడ్స్ కూడా తీశారు. ఒంట్లో ఊరే నీటిని వడగట్టి మళ్లీ రక్తంలోకి పంపే చిన్న చిన్న గ్రంథులవి. అవి పోతే కొందరికి ఆ వైపు చేతిలో నీరు నిలిచి వాపు వస్తుంది. దాన్ని లింఫెడీమా అంటాం. అందుకే పోయినసారి మా పెద్ద డాక్టరమ్మ ఆమెకు జాగ్రత్త చెప్పారు: ఎడమ చేత్తో బరువు పని వద్దు, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయవద్దు. చాలామందికి అది మామూలు జాగ్రత్త. మగ్గం మీద కూర్చునే మనిషికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం తప్ప వేరే పనే లేదు.

ఫోన్ చేస్తే ఆమె భర్త మునిరత్నం ఎత్తాడు. "రాదంట తంబీ. చెప్పి చూసినా. ఈ ఇంట్లో నా మాట ఎవురింటారు?"

ఇంతలో ఆమె ఫోన్ లాక్కుంది. "మగ్గం ఎక్కొద్దనింది కదా మీ డాక్టరమ్మ. పొద్దుగూకులూ టీవీ ముందర కూర్చునేదానికా నేను మందెక్కించుకొనేది? పన్నెండేండ్లకు మగ్గమెక్కినా. అది వద్దంటే మీ మందూ వద్దు. పెట్టేయ్."

ఆమెకింకా కీమో మూడు విడతలు మిగిలి ఉన్నాయి, వాటి తర్వాత రేడియేషన్. మధ్యలో ఆపితే జబ్బు తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. డాక్టరమ్మకు చెప్పాను. "వెళ్లి చూసిరా. చెయ్యి చూడగానే నాకు ఫోన్ చెయ్యి" అన్నారు.

తిరుత్తణి దాకా రైలు, అక్కడినుంచి బస్సు. పొదటూరుపేటలో ఆమె వీధి పొడుగునా పవర్‌లూమ్‌ల మోత. ఆ మోతలో ఒక్క ఇంటినుంచి మాత్రం చేతిమగ్గం చప్పుడు, ఆగి ఆగి వస్తోంది. అడ్రస్ అడగాల్సిన పని లేకపోయింది.

సులోచనక్క మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. నన్ను చూసి ఆపలేదు. కుడి చేత్తో తాడు లాగితే పేక నూలు కండె ఉన్న నాడె ఇటునుంచి అటు పరిగెత్తుతోంది. ఎడమ చేత్తో బరువైన చెక్కను ఒడిలోకి లాగి పోగును కొడుతోంది. ఆ ఎడమ చేతికి మోచేతి పైన, జాకెట్ అంచు కింద, గుడ్డపేలిక బిగించి కట్టి ఉంది. దాని కింద చెయ్యంతా ఉబ్బి, వేళ్ల కణుపులు కనబడడం లేదు.

"ఆ కట్టేంటక్కా?"

"మణికట్టు నొప్పెడితే మేము కట్టుకునేదే. మగ్గంలో మిగిలిన గుడ్డముక్క. నీరు చంకలోనుంచి కిందికి దిగతా ఉండాది కదా, దిగకుండా అడ్డం కట్టినా."

"నీరు దిగడం లేదక్కా, ఎక్కలేకుండా ఉంది. వేళ్లకాడినుంచి పైకి పోవాల్సిన నీరది. నువ్వు దారికి తలుపేసినావు."

ఆమె చెయ్యి ఆగింది. మునిరత్నం వాకిట్లోనుంచి అన్నాడు: "నేను అప్పుడే అన్నా."

"నువ్వేమన్నావు? బాగా బిగించు అన్నావు."

ఆయన బీడీ వెతుక్కుంటూ లేచాడు.

పేలిక నేనే విప్పాను. చర్మం మీద దాని అచ్చు గాడిలా దిగింది. ఎరుపు, వేడి, జ్వరం లేవు. ఉంటే అది ఇన్ఫెక్షన్, ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాలి. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. రక్తనాళంలో రక్తం గడ్డకట్టలేదని డాప్లర్ స్కాన్‌లో తేలేదాకా ఏ కట్టూ వద్దు, రేపు తీసుకురా అన్నారు.

"రేపు రావాలక్కా."

"మగ్గం దిగమని చెప్పేదానికి వచ్చింటే ఇట్లే బస్సెక్కు తంబీ. కాఫీ తాగి పో."

ఇక్కడ నేను నా హద్దు దాటాను. "మగ్గం దిగమని నేను చెప్పను. నేసే దారి నేను చూస్తా. నువ్వు మందు ఆపకూడదు. చేతికి నేను చెప్పిందే కట్టాల. చెయ్యి ఎర్రబడితే ఆ పూటే ఆసుపత్రికి రావాల. ఈ మూడింటికీ ఒప్పుకుంటావా?"

"మాట తప్పితే?"

"తప్పితే నేను గడ్డం గీయించుకొని వస్తా."

"అప్పుడన్నా నర్సు మాదిరి ఉంటావు" అంది. మరుసటి రోజు వచ్చింది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచారు. "నేయొచ్చని మాటిచ్చేదానికి నువ్వెవరు?"

"బ్రెస్ట్ కేర్ నర్స్ మేడమ్" అన్నాను. పొగరుగా వినిపించి ఉండొచ్చు. కానీ నా ఉద్దేశం అదే. ఈ ఉద్యోగం పెట్టింది పేషెంట్ ఇంటికీ కీమో కుర్చీకీ మధ్య ఉండే దూరం కోసమైతే, ఆ దూరంలో మగ్గం కూడా ఉంది. పైగా చేతిని పూర్తిగా ఆపేస్తే వాపు తగ్గదు. సరైన కట్టుతో, కొద్దికొద్దిగా పెంచుతూ కదిలిస్తేనే కండరం నీటిని పైకి నెడుతుంది. అది డాక్టరమ్మకూ తెలుసు. "సరే, ప్రతిసారీ చెయ్యి కొలిచి నాకు చూపించు. పెరిగితే ఆ రోజే నిలిపేస్తా" అన్నారు. స్కాన్‌లో రక్తం గడ్డ లేదని తేలింది. ఆ రోజే కీమో ఎక్కింది.

తర్వాతి పని కట్టు నేర్పడం. కంప్రెషన్ బ్యాండేజ్ వేళ్ల దగ్గర ఎక్కువ బిగువుగా, పైకి పోయేకొద్దీ తక్కువ బిగువుగా ఉండాలి. సులోచనక్క చుట్టిన మొదటి కట్టు చూడడానికి చాలా అందంగా ఉంది. కిందనుంచి పైదాకా ఒకే బిగువు. నేత పనివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది.

"మళ్లీ చుట్టక్కా."

"ఏం, యాడన్నా ముడత పడిందా?"

"పడలేదు. అంతా ఒకటే బిగువు ఉంది, అదే తప్పు."

"ఒక తట్టు బిగి, ఒక తట్టు వదులు ఉంటే పడుగు చెడిపోతుందని మా నాయన చెయ్యి మీద కొట్టి నేర్పించినాడు. నువ్వేమో చెడగొట్టమంటావు."

"చెడగొట్టు. ఇది చీర కాదు."

నాలుగోసారికి కుదిరింది. చుడుతున్నంతసేపూ ముఖం మాడ్చుకునే ఉంది.

ఇక మగ్గం. రెండోసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఒక గంట ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాను. బలం పడేది చెక్క లాగే చేతి మీద. తాడు లాగేది చిన్న కుదుపు మాత్రమే. చేతులు మార్చుకుంటే ఎడమ చేతి మీద భారం చాలా తగ్గుతుంది. తాడు పిడిని కిందికి దింపితే మోచెయ్యి ఎత్తాల్సిన పనీ ఉండదు.

మునిరత్నం ఒప్పుకోలేదు. "ఇన్నేండ్ల చెయ్యి తంబీ. మారదు. ఎడంచేతి నేత అని వీధంతా నవ్వుతుంది."

"మొగుణ్ణి మార్చమనలేదు కదా, చెయ్యే కదా" అంది సులోచనక్క. "తాడు పొడుగు చెయ్యి."

ఆయన చేశాడు. ఆమె ఎడమ చేత్తో మొదటి కుదుపు ఇచ్చింది. నాడె మగ్గం దాటి ఎగిరి ఆయన కాలి పక్కన పడింది.

"తగిలిందా?"

"లేదు."

"అయితే ఇంకా నేర్చుకోవాల."

మొదటి చీర నేత ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా వచ్చింది. సరుకు తీసుకునే ఆసామి దాన్ని పక్కకు తోసి, "ఒంట్లో బాగలేదు కదమ్మా, రెస్టు తీసుకోరాదా" అన్నాడట. ఇది ఆమే నాకు కీమో కుర్చీలో కూర్చుని చెప్పింది, గుండు మీద కొంగు కూడా వేసుకోకుండా. వేసుకోమని పక్క కుర్చీ ఆమె సైగ చేస్తే, "జబ్బు చేసిన తల ఇది, దొంగతనం చేసిన తల కాదు" అంది. ఆసామికి ఏం చెప్పావని అడిగాను.

"రెస్టు నువ్వు తీసుకో, చీర మళ్లా నేసి తెస్తా అన్నా."

మళ్లీ నేసింది. అది కూడా వెనక్కి వచ్చింది. మూడోదాన్ని ఆసామి వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి లోపల పెట్టుకున్నాడు. అప్పటికి కీమో ముగిసి రేడియేషన్ నడుస్తోంది. ఎడమ చెయ్యి కుడి చెయ్యంత కాలేదు, ఎప్పటికీ కాకపోవచ్చు. లింఫెడీమా పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది అదుపులో ఉంది, ఆమె కట్టు ఆమే కట్టుకుంటుంది. నాకు కావలసింది అంతే.

ఈ కేసు నేర్పింది చెప్పాలంటే, వైద్యంలో అన్నిటికన్నా సులువైన మాట "వద్దు". చెప్పినవాడికి దానివల్ల ఏ ఖర్చూ లేదు. ఆ మాట మోసుకుని ఇంటికి పోయే మనిషికి ఏం మిగులుతుందో చూడకుండా దాన్ని అనే హక్కు మాకు లేదు. ఇప్పుడు మా దగ్గర ఆపరేషన్‌కు ముందే అడుగుతాం: మీరు చేతులతో ఏం పని చేస్తారు? జవాబు విన్నాక డాక్టరమ్మ నావైపు చూస్తారు, నేను ఆ ఊరికి బస్సు వేళలు చూసుకుంటాను.

ప్రస్తుతం నేను చూసుకునేవాళ్లలో మగ్గం పనివాళ్లు నలుగురు. నేస్తున్నవాళ్లు నలుగురు.