మగవాడి వడ్డాణం

మొన్న కెనడాలోని సర్రీలో ఒక ఇండియన్ స్టోరులో ఎవరి చేతిలోంచో కుంకుడుకాయ పొడి ప్యాకెట్ జారి పగిలింది. అందరూ తుమ్మారు. నేనూ తుమ్మాను, కానీ నాకు ఆచారి గారు గుర్తొచ్చారు. ఇక వినండి: యోధులు, కత్తులు, సమాధులు, వాటిలో మెరిసే బంగారం ఉన్న మహాగాథ ఇది. అంటే, పూర్తిగా కాదు. కత్తులు లేవు. సమాధి ఒక్కటే, అదీ ఫోటోలో. ఉన్నదల్లా ఒక నగల దుకాణం వెనక గది, అందులో తెగిన గొలుసులు అతుకుతూ ఆచారి గారు, వాటిని కుంకుడు నురుగులో కడిగే పార్ట్‌టైమ్ ఉద్యోగంలో నేను.

ఆ ఏడాది మన విద్యార్థులు విమానాల నిండా దిగారు. నేను కాలేజీలో చేరేసరికి ఎలక్టివ్ క్లాసులన్నీ నిండిపోయాయి. మిగిలింది ఆంగ్లో-సాక్సన్ కళ, అంటే పద్నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండువాళ్ల పనితనం. బంగారం గురించి తెలుగువాడికి ఒకరు చెప్పాలా అనుకున్నాను. ఎర్రరాళ్లు పొదిగిన బంగారు బెల్టు బకిల్ ఫోటోలిచ్చి, యజమాని హోదా ఏమిటో రాయమన్నారు. ఆ ఇంటి పెద్దకోడలి వడ్డాణమని తేల్చి నాలుగు పేజీలు రాశాను. పెళ్లి భోజనాలు కూడా వర్ణించాను. మేడమ్ ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు: ఇది మగవాడి సమాధిలో దొరికింది. మళ్లీ రాయడానికి వారం గడువు. ఈసారీ తప్పితే కోర్సు పోతుంది, కోర్సుతోపాటు ఫుల్‌టైమ్ స్టూడెంట్ హోదా, దాని వెనకే స్టడీ పర్మిట్.

“మగాడి వడ్డాణమా!” ఆచారి గారు నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఏదీ, వెనక వైపు చూపించు.”

“వెనకేముంటుంది అంకుల్? అందమంతా ముందే కదా.”

“ముందు వైపు ఊళ్లోవాళ్లకి బాబూ. వెనక వైపు కంసాలికి.”

నా ఫోన్ మీద భూతద్దం పెట్టారు. రెండు వేళ్లతో పెద్దది చేయొచ్చని చెప్పబోయి ఊరుకున్నాను.

“రాళ్ల కింద బంగారు రేకు పరిచాడు చూడు, మెరుపు పైకి తన్నడానికి. మా నాన్న కెంపుల కమ్మలకి ఇలాగే వేసేవాడు. మంచి పనివాడే. కానీ బంగారం ముందు పలక ఒక్కటే. వెనకంతా వెండి, పైన పూత. ఇదిగో, పొట్టకి రాసుకునే చోట పూత పోయింది. ఏళ్ల తరబడి రోజూ కట్టాడు. వీడు రాజు కాదు. రాజు పక్కన నిలబడాలని ఆశపడ్డవాడు.”

“అంటే వన్ గ్రామ్ గోల్డ్ బ్యాచ్!” అన్నాను. వ్యాసానికి శీర్షిక దొరికిందని సంబరపడ్డాను.

ఆయన నవ్వలేదు. “నువ్వు ఆనుకుని ఫోటో దిగిన ఆ నల్ల కారెవరిది?”

ఆ ఫోటో అంతకు ముందు వారమే ఇన్‌స్టాలో పెట్టాను. కారు మా షాపు ఓనర్‌ది. “మీరెక్కడ చూశారంకుల్?”

“మా అమ్మాయి చూపించింది. నిన్ను దెప్పడం లేదురా. నలుగురిలో తక్కువగా కనబడకూడదన్న ఆరాటం నీకు తెలుసు కదా. తెలిసినవాడిలా రాయి.”

రాశాను. వెండి మీద పూత గురించి, అరిగిన అంచు గురించి, పొద్దున్నే బకిల్ బిగించుకుని, పొట్ట లోపలికి లాక్కుని, బయటికి నడిచే ఆ మనిషి గురించి. ఒక్క జోకూ వేయలేదు. నాకది కటిక ఉపవాసం.

తర్వాత ఆచారి గారు కూతురి దగ్గరికి ఎడ్మంటన్ వెళ్లిపోయారు. ఇప్పటికీ ఎవరైనా మరీ మెరుస్తూ ఎదురైతే, నోటిదాకా వచ్చిన మాటను ఒక్క క్షణం ఆపుతాను. ఈ మెరుపు కోసం ఎన్ని పాట్లు పడ్డారో, ఎక్కడ అరిగిపోయారో అనుకుంటాను. ఆ తర్వాత జోకు వేస్తాననుకోండి, కాకపోతే కాస్త చిన్నది.

వ్యాసానికి సి ప్లస్ వచ్చింది. పాసయ్యాను. ఇంకో రెండు మార్కులు రావలసింది, పేజీ నంబర్లు వేయలేదట.