ఎక్కడికని అడిగే యాప్

నెల్లూరులో నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ ఆఫీసులో వాటర్‌ఫాల్ పద్ధతి అంటే దేవుడి మాటే. ముందు ఏం కావాలో రాసి సంతకాలు పెట్టించాలి, తర్వాత డిజైన్, తర్వాత కోడింగ్, చివర్లో టెస్టింగ్. ఒక దశ ముగిసిందంటే మళ్లీ వెనక్కి వెళ్లేది లేదు. ఆ మొండితనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లకు గాలివాన హెచ్చరికలు పంపే యాప్ తయారుచేసే పని మాకు వచ్చింది. నేను చేరేసరికి కోడింగ్ నడుస్తోంది. మా మేనమామకు బోగోలు దగ్గర పడవ ఉంది, వేటే ఆయన బతుకు. ఆ హెచ్చరిక ఆయనకు అందాలన్నదే నా ఆరాటం. తీరా చూస్తే, యాప్ తెరవగానే మొదటి ప్రశ్న "ఎక్కడికి వెళ్తున్నారు?" అని. జవాబు ఇవ్వకపోతే ముందుకు కదలదు.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటిది పడవ నీళ్లలోకి నెట్టేవాళ్లను అడగడమా! వెళ్లి మేనేజరుకు చెప్పాను.

"సంతకాలు అయిపోయినాయి. ఇప్పుడా చెప్పేది?" అన్నాడు. ఆయనదీ మా వైపే, మనుబోలు. పైగా "మూఢనమ్మకాల కోసం కోడ్ మారుస్తామా?" అని పగలబడి నవ్వాడు.

అన్ని దశలూ ముగిశాకే యాప్ ఒడ్డుకు చేరింది. మామ ఒక్కరోజు చూసి ఫోన్లోంచి తీసేశాడు.

"ఏటకు పొయ్యేటప్పుడు ఎక్కడికని అడిగేదాన్ని జేబులో పెట్టుకోమంటావా అల్లుడా?" అన్నాడు. నేను ఎంత బతిమాలినా వినలేదు.

కొన్నాళ్లకు గాలి లేచింది. ఆ పొద్దున హెచ్చరిక వెళ్లేసరికి మామ ఇంకా ఒడ్డునే ఉన్నాడు. ఆయన ఫోన్ మాత్రం మోగలేదు. సాయంత్రానికి వేరే పడవవాళ్లు ఆయన్ని నీళ్లలోంచి లాగి తెచ్చారు. మనిషి దక్కాడు. పడవ మునిగిపోయింది. అత్త ఏడుపు ఫోన్లో విన్నాను.

మర్నాడు మేనేజరు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను.

"టెస్టింగ్‌లో అన్నీ పాసయినాయి కదా. మన తప్పేముంది?" అన్నాడు, టీ తాగుతూ.

ఛీ, ఇదేం మనిషి అనిపించింది. ఆ ముఖం చూడాలంటేనే రోత పుట్టింది. సాయంత్రం ఆయన హెల్మెట్ పట్టుకుని ఇంటికి బయల్దేరి గుమ్మం దాటబోతుంటే, కావాలనే గట్టిగా అడిగాను.

"ఎక్కడికి సార్?"

ఆయన టక్కున ఆగిపోయాడు. నా వైపు కొరకొరా చూశాడు. వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి, అప్పుడు బయల్దేరాడు.