కళ్ళు మూసుకుని మాట్లాడిన ఇంగ్లిష్

ఆ రోజుల్లో ఇంగ్లిష్ రాకపోవడం మాకు పెద్ద ఇబ్బందేమీ కాదు. రాదని పదిమందికీ తెలిసిపోవడమే ఇబ్బంది. మొయినాబాద్ దగ్గరి మా ఇంజనీరింగ్ కాలేజీలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు అన్నం తిన్నాక ఉండేది. నా పక్కన కూర్చునే అమ్మాయి (ఆ క్లాసులో ఇంకే మాటా అనదు కనుక పేరే గుడ్‌మార్నింగ్ అని స్థిరపడింది) "మనం మనం తెలుగోళ్ళమే గదనే, మల్ల ఇంగ్లిష్‌ల మాట్లాడుకునుడేంది? సిగ్గు గాదా?" అనేది. నాకా మాట ఎంతో న్యాయంగా తోచేది. పరీక్షలో పేజీలకు పేజీలు ఇంగ్లిష్ రాసేదాన్ని గానీ, లేచి నిలబడితే ఒక్క ముక్క పెగిలేది కాదు.

అట్లా వెనక బెంచీల్లో దాక్కుంటూ నెట్టుకొస్తుంటే, ఒకరోజు మేడమ్ పిడుగులాంటి వార్త చెప్పింది. సోమవారం అందరూ తమ గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి, మాట్లాడనివాళ్ళను క్యాంపస్ ఇంటర్వ్యూలకు పంపరు. ఆ ఇంటర్వ్యూల్లో వచ్చే ఉద్యోగం మీదే నేనూ అమ్మా ఆశలన్నీ పెట్టుకున్నాం. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆదివారం ఆలూరులో మా చర్చిలో అమ్మ ప్రార్థన చేసింది. పొద్దంతా టమాటో చేనులో ఉండే మనిషి, మైకు పట్టుకుంటే ఎక్కడా తడబడదు. ఇంటికి నడిచొస్తూ అడిగాను.

"అమ్మా, గంతమంది ముంగట నీకు భయం గాదా?"

"కండ్లు మూసుకుంటే ఎవరు కనబడుతరు బిడ్డా? మాట యాదికి రాకుంటే 'స్తోత్రం' అనాలె. గంతల ఇంకో మాట దొరుకుతది."

సోమవారం నా వంతు రాగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పేరు చెప్పగానే మాట ఆగింది. స్తోత్రానికి ఇంగ్లిష్‌లో ఏమంటారో తోచక "థాంక్యూ" అన్నాను. "ఐ యామ్ ఫ్రమ్ ఆలూర్, థాంక్యూ. వీ హావ్ టూ బఫెలోస్, థాంక్యూ. మై మదర్ గ్రోస్ టమాటో, థాంక్యూ." వింత ఏమిటంటే, మాటలు వస్తూనే ఉన్నాయి! నాకు తెలియకుండానే అమ్మ ప్రార్థన రాగం కూడా వచ్చి కలిసింది. చివర్లో గొంతు పైకి లేచి మెల్లగా దిగేసరికి వెనకనుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. వెంటనే క్లాసంతా "ఆమెన్" అంది, ఏనాడూ చర్చి గడప తొక్కనివాళ్ళతో సహా.

కళ్ళు తెరిచేసరికి మేడమ్ తల వంచుకుని నిలబడి ఉంది. (భక్తితోనో, నవ్వు ఆపుకోలేకనో ఇప్పటికీ తెలియదు.) "టైమ్ ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇంటర్వ్యూల గూడ ఇట్లనే మాట్లాడు, జర కళ్ళు తెరిచి" అంది. తర్వాత లేచిన గుడ్‌మార్నింగ్ కూడా కళ్ళు మూసుకుని, "గుడ్‌మార్నింగ్, థాంక్యూ" అని మొదలుపెట్టింది.

ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు గండిపేట దగ్గరి ఆఫీసులో రోజూ విదేశీయులతో ఫోన్లో మాట్లాడతాను. మాట తట్టనప్పుడల్లా థాంక్యూ అంటాను. అందుకే అక్కడ నాకు మహా మర్యాదస్తురాలని పేరు. మొన్న అమ్మకు ఆ సంగతి చెప్పి నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"థాంక్యూ అంటే స్తోత్రమేనా?"

"గట్లనే అనుకో."

"అయితే రోజూ ఆఫీసుల ప్రార్థన జేస్తున్నవన్నట్టు" అని మురిసిపోయింది.

కాదని ఎట్లా చెప్పను? క్లాసులో కళ్ళు మూసుకుని నిలబడ్డ ఆ పిల్ల, ఆనాటి నేను, గుర్తొచ్చింది. దాని మీద నాకు ఎంతో ప్రేమ కలిగింది. ఏమనాలో తోచక, అమ్మతో కూడా థాంక్యూ అనేశాను.

"ఆమెన్" అంది అమ్మ.