పసుపు పూసిన కూలర్

మొన్న జనగామలో కంప్యూటర్ల దుకాణం ముందు ఇద్దరు వాదించుకుంటున్నారు. చిన్న ప్రాసెసర్ కొని, కంపెనీ పెట్టిన హద్దు దాటించి వేగం పెంచుకోవడం మేలా, ముందే పెద్దది కొనడం మేలా అని. తీర్పు చెప్పడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఈ విద్యలో మూడు జిల్లాల్లో నన్ను మించినవాడు లేడని చాలాకాలం చెప్పుకు తిరిగాను. నిజానికి నేను కొన్నది ఒక్కటే. అదీ సరిగ్గా బిగించలేదు.

మరిపెడలో మాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు కూర్చేది మా కోడలు, పక్కన కూర్చుని విసిగించేది నేను. పోయిన ఎండాకాలం పాత కంప్యూటర్ మొరాయించింది. చేతిలో పెద్దవంగర ఊరి వాళ్ల పెళ్లి వీడియో ఉంది. పెళ్లికూతురి అమ్మమ్మ అప్పుడు దవాఖానలో ఉండి పెళ్లి చూడలేకపోయింది. పదహారు రోజుల పండుగ నాడు ఆమెను తెర ముందు కూర్చోబెట్టి, చుట్టాలందరితో కలిపి చూపించాలని వాళ్ల ఆశ. సరేనని మాటిచ్చింది నేనే.

కొత్త ప్రాసెసర్ కొనబోతే దుకాణం ఆయన మొదటే చెప్పాడు. "బాపూ, స్పీడు పెంచితే గంట పనిల నాలుగైదు నిమిషాలు మిగుల్తయి, అంతే. గీ ఎండలకు ఉడుకుతది. పెద్దదే తీస్కోరాదు?" నాకు చెప్పేవాడా! వేగం పెంచుకునే వీలున్న చిన్న ప్రాసెసర్, దాన్ని చల్లబరచడానికి పైన బిగించే రెండు ఫ్యాన్ల పెద్ద కూలర్ తీసుకున్నాను. మా ఇంట్లో కొత్త వస్తువు వస్తే పసుపు రాసి బొట్టు పెట్టనిదే వాడం. మోటారు సైకిలుకు పెట్టాం, మిక్సీకి పెట్టాం. కూలర్ అంతా నలుపు, బొట్టు కనపడదు. అందుకని అడుగున తళతళలాడే రాగిపలకకు తడి పసుపు దట్టంగా పట్టించాను. ప్రాసెసర్‌ను అంటుకుని వేడి లాగేది ఆ పలకే. దాని మీదే వేడిని దాటించే పేస్టు రాసి బిగించేశాను.

వేగం ఐదు గిగాహెర్ట్జ్ దాటిందని బజారంతా చాటాను. నిజానికి నాలుగున్నర దగ్గరే సొమ్మసిల్లేది. వీడియో సగానికి రాగానే ఠప్పున ఆగిపోవడం, మళ్లీ మొదటి నుంచి. వారం రోజులు ఇదే వరస. కరెంటును తిట్టాను, ఎండను తిట్టాను, ప్రాసెసర్ చేసినవాడి వంశాన్ని తిట్టాను. "మామా, జర స్పీడు తగ్గియ్యి, పని కానియ్యి" అని కోడలు మొత్తుకుంది. తగ్గిస్తే దుకాణం ఆయన గెలిచినట్టే కదా! తగ్గించలేదు.

పండుగ పొద్దున కోడలు ఓపిక నశించి కూలర్ విప్పింది. మాడిపోయిన పసుపు పెచ్చులు బయటపడ్డాయి. "పూజ మంచిగనే చేసినవ్ మామా. కొబ్బరికాయ గూడ లోపల్నే కొట్టకపోయినవ్?" అంది. తుడిచి, కొత్త పేస్టు రాసి, మామూలు వేగం మీద పెట్టింది. ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. కానీ పని పూర్తయ్యేసరికి సాయంత్రమైంది.

ఆలోపు నేను పెద్దవంగరలో ఖాళీ తెర పక్కన నిలబడి, "దారిల ఉన్నది, వస్తున్నది" అని అబద్ధాలాడుతున్నాను. చుట్టాలు తిని వెళ్లిపోయారు. తెర విప్పేశారు. కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న అమ్మమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "రేపు ఫోన్ల సూస్త తియ్ తమ్మీ. నేనెటు వోత?" అంది.

మర్నాడు ఒంటరిగా మంచం మీద చూసిందట. ఎనభై దాటిన మనిషి తన పండుగ రోజును అంత తేలిగ్గా నా కోసం వదులుకుంది. నేనేమో నాలుగు నిమిషాలు మిగుల్చుకుందామని ఆమెకు ఆ రోజే లేకుండా చేశాను.